అంగుళానికి 16 చుట్లు

చంద్రగిరిలో బస్సు ఆగేచోట పూలమ్మే ఆమె మూర కొలిచేటప్పుడు పూల వంక చూడదు. చూపు వచ్చే బస్సు మీద, మాట పక్క గంపామెతో. చెయ్యి మాత్రం మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా దండను లాగి మడిచేస్తుంది. "నీ చెయ్యి పొట్టిది మా, ఇంకో నాలుగు పూలెయ్" అని బేరమాడితే మరో బెత్తెడు తెంపి ఇస్తుంది. ఆ బెత్తెడూ చూసి కొలిచింది కాదు, నాలుగు వేళ్లు ఆనించి కొలిచిందే.

ఎన్నేళ్లుగానో చూస్తున్నా నాకిది తట్టలేదు. చూపు లేని వడ్రంగి కొలత ఎలా తీసుకుంటాడు, చూపు లేని బేల్దారి మట్టం ఎలా చూసుకుంటాడు అన్న ప్రశ్న పట్టుకుని తిరుగుతుంటే తట్టింది. కొలతకు కళ్లు తప్పనిసరి అన్నది మనం ఈ మధ్య పెట్టుకున్న నియమమే. మూడు బెత్తలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. లెక్కంతా ఒంట్లోనే ఉండేది.

చిక్కల్లా ఒకడి మూర ఇంకొకడి మూరకు సరిపోకపోవడం. పూల దగ్గరైతే బేరంతో తీరుతుంది, గుడి కట్టేచోట తీరదు. అందుకే కోల పుట్టింది. తమిళనాట పాత గుళ్ల గోడల మీద కొలకోల నిడివిని రాతిలోనే గీసి పెట్టారు. అది గాడి కాబట్టి వేలితో తడిమినా తెలుస్తుంది. స్వామిమలైలో కంచు విగ్రహాలు పోసే స్థపతులది ఇంకా ముచ్చటైన పద్ధతి. విగ్రహం ఎంత ఎత్తో అంత కొబ్బరాకు ముక్క తీసుకుంటారు. మడతలు పెడుతూ భాగాలు చేస్తారు. ముఖం ఇంత, మెడ ఇంత, మోకాలు ఇక్కడికి అని మడత చెబుతుంది. అంగుళాలు అక్కర్లేదు, అంకెలూ అక్కర్లేదు. సగానికి మడిస్తే సగం వస్తుంది, గోటితో నొక్కితే ఆ గుర్తు నిలుస్తుంది. ఆ స్థపతులు చూపున్నవాళ్లే. అయినా ఆ కొబ్బరాకును చీకట్లో కూడా చదువుకోవచ్చు.

తర్వాత ఇనుప టేపు వచ్చింది. నున్నటి రేకు మీద రంగు గీతలు, అంకెలు. వడ్రంగానికి ఎంత మేలు చేసిందో చెప్పక్కర్లేదు. అయితే కొలతను వేలి నుంచి తీసేసి పూర్తిగా కంటికి అప్పజెప్పింది కూడా అదే. ఆ కొలత మళ్లీ వేలికి ఎలా చేరిందన్నదే ఈ కథ. అది ఒక్కరు కనిపెట్టింది కాదు, ఒక్క ఊళ్లో జరిగిందీ కాదు.

మొదట ఇంగ్లండులో ఒక మొండిమనిషి. జాన్ మెట్‌కాఫ్, 1717లో యార్క్‌షైరులోని నేర్స్‌బరో అనే ఊళ్లో పుట్టాడు. ఆరేళ్లకు మశూచి వచ్చి రెండు కళ్లూ పోయాయి. ఫిడేలు వాయించాడు, గుర్రాల బేరం చేశాడు. 1765లో ఆ ప్రాంతంలో సుంకం రోడ్లు వేయడానికి పార్లమెంటు చట్టం చేస్తే, మూడు మైళ్ల రోడ్డు కాంట్రాక్టు పట్టాడు. అక్కడి నుంచి ఆగలేదు. మొత్తం 180 మైళ్ల దాకా రోడ్లు వేశాడు, వాటితో పాటు వంతెనలు. సర్వే అంతా పొడుగాటి చేతికర్రతోనే. కొండ ఎక్కుతూ దిగుతూ, కర్రతో నేలను పొడుస్తూ, ఎక్కడ గట్టి, ఎక్కడ మెత్తన, వాలు ఎంత అని మనసులో పటం గీసుకునేవాడు. బురదనేలలు అడ్డమొస్తే ఎవరూ నమ్మని పని చేశాడు. పొదలు కోయించి మోపులు కట్టించి బురద మీద పరిపించాడు. వాటి మీద రాయి, గులకరాయి. రోడ్డు దిగబడలేదు. ఖర్చు ఎంతవుతుందో నోటిలెక్కగా చెప్పేవాడు గానీ, ఆ లెక్క ఎలా వేశావంటే ఇంకొకరికి వివరించలేకపోయేవాడు. 1810 దాకా బతికాడు. పద్ధతి ఆయనతోనే పోయింది.

పనితనం ఒక మనిషిలో ఉండిపోతే దాన్ని ఆవిష్కరణ అనలేం. ఇంకొకరి చేతికి అందించగలిగినప్పుడే అది ఆవిష్కరణ.

అలా అందించినవాడు ఫ్రాన్సులో పుట్టాడు. 1809లో, కూప్రే అనే పల్లెలో. నాన్న గుర్రపు జీనులు కుట్టే పనివాడు. మూడేళ్ల లూయీ బ్రెయిల్ నాన్న దుకాణంలో తోలుకు బొక్కలు పొడిచే పనిముట్టుతో ఆడుకుంటుంటే అది కంట్లో గుచ్చుకుంది. పుండు రెండో కంటికీ పాకింది. పదిహేనేళ్ల వయసులో, 1824 నాటికి, ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. దానికి ముందు షార్ల్ బార్బియే అనే సైన్యాధికారి పన్నెండు చుక్కల పద్ధతి ఒకటి చేశాడు. అందులో ఒక్కో గుర్తూ వేలికొసకు మించిన పొడుగు. వేలు పైకీ కిందికీ తిప్పితే తప్ప చదవలేం. బ్రెయిల్ చేసిన పనల్లా గుర్తును వేలికొసకు సరిపడా కుదించడం. ఇదీ కొలత పనే. చుక్కకీ చుక్కకీ నడుమ సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అంతకంటే దగ్గరైతే వేలికి రెండు చుక్కలూ ఒకటిగా కలిసిపోతాయి. ఈ రెండున్నర మిల్లీమీటర్ల సంగతి గుర్తుంచుకోండి, దీంతో ముందు పని ఉంది.

బ్రెయిలీ మన తెలుగు దాకా వచ్చిన దారిలోనే చూపులేనివాళ్ల వడ్రంగం కూడా వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1915లో లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ అనే సంస్థ పెట్టారు. పెట్టింది ఆర్థర్ పియర్సన్, డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక నడిపిన ఆసామి. గ్లాకోమాతో ఆయనకే చూపు పోయింది. జాలి చూపించి ఇంటికి పంపడం ఆయనకు గిట్టదు, పని నేర్పాలన్నది పట్టు. బుట్టలల్లడం, చెప్పులు బాగుచేయడం, కోళ్ల పెంపకంతో పాటు కొయ్యపని కూడా అక్కడ నేర్పారు. అక్కడ తర్ఫీదు పొందినవాళ్లలో న్యూజిలాండ్ సైనికుడు క్లూథా మెకంజీ ఒకరు. 1915 ఆగస్టులో గలిపొలి యుద్ధంలో ఆయన చూపు పోయింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ మెకంజీ మన దేశంలో ఉన్నారు. చూపు పోయిన భారత సైనికుల కోసం 1943లో డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ హాస్టల్ మొదలైంది. దాన్ని నిలబెట్టింది ఆయనే. స్వాతంత్ర్యం తర్వాత, 1950లో, అక్కడే ప్రభుత్వం చూపులేని పెద్దల కోసం శిక్షణ కేంద్రం తెరిచింది. చూపులేనివాళ్ల కోసం ఇవాళ అక్కడున్న జాతీయ సంస్థకు పునాది అదే. మన దేశంలో అప్పటికి ఒక్కో ప్రాంతానికి ఒక్కో బ్రెయిలీ ఉండేది. యునెస్కో పూనుకుని 1951లో బీరూట్‌లో సమావేశం పెట్టింది, ఆ పనిలోనూ మెకంజీదే పెద్ద చెయ్యి. అందులోంచి భారతీ బ్రెయిలీ వచ్చింది. తెలుగు 'అ'కు ఒక్క చుక్క. ఒకటి అంకెకూ అదే చుక్క, ముందు అంకె గుర్తు పెడితే సరి.

ఇక కొలబద్ద మీద బ్రెయిలీ అంకెలు పొడిస్తే పని అయిపోయినట్టే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అయిపోలేదు.

బ్రెయిలీ అక్షరం లావు. ఒక్కో గడికి ఆరు మిల్లీమీటర్ల దాకా చోటు కావాలి. అంకె గుర్తు, అంకె కలిస్తే రెండు గడులు, అంటే సుమారు అరంగుళం. అంగుళం అంగుళానికీ అంకె వేసుకోవచ్చు గానీ, నూళ్ల దగ్గరికి వచ్చేసరికి చోటు చాలదు. మన ఆచారులకు అంగుళమంటే ఎనిమిది నూళ్లు. తలుపు చట్రంలో ఒక నూలు తేడా వస్తే గడియ పడదు, అర నూలు తేడాకు సందు కనబడుతుంది. అర నూలంటే 1.6 మిల్లీమీటర్లు. చుక్కలు మానేసి ఉబ్బెత్తు గీతలు పెట్టినా, అంత దగ్గర గీతలను వేలికొస విడివిడిగా లెక్కపెట్టలేదు. రెండున్నర మిల్లీమీటర్ల సంగతి ఇదే. లూయీ బ్రెయిల్‌కు చదవడానికి సాయపడిన వేలు, వడ్రంగానికి వచ్చేసరికి మొద్దుబారినట్టవుతుంది.

దీనికి తోవ దొరికింది మరచుట్టులో. నా మటుకు నాకు ఈ కథలో అన్నిటికంటే అందమైన మలుపు ఇదే.

అమెరికాలో రోటోమాటిక్ అని, క్లిక్ రూల్ అని చూపులేని వడ్రంగులు వాడే కొలపరికరాలు ఉన్నాయి. వాటి కీలకం ఒక్కటే. అంగుళానికి 16 చుట్లుండే మరకడ్డీ. దాని మీద నట్టు ఒక్క చుట్టు తిరిగితే అంగుళంలో పదహారో వంతు కదిలినట్టు. క్లిక్ రూల్‌లో తిప్పక్కర్లేదు, గొట్టంలోంచి కడ్డీని లాగితే పదహారో వంతుకొకసారి టిక్కుమంటుంది. అరంగుళానికొకచోట వేలికి తగిలే గుర్తు ఉంటుంది. పెద్ద కొలత గుర్తులతో, చిన్న కొలత టిక్కులతో. వేలు విడదీయలేని గీతలను చెవీ మణికట్టూ లెక్కపెడతాయి. పదహారో వంతంటే ఏమిటి? మన అర నూలే.

ఇది చదివాక ఊరుకోలేకపోయాను. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1841లో మరచుట్లకు ప్రమాణం పెట్టాడు. ఆ లెక్కన మూడు నూళ్ల బోల్టుకు అంగుళానికి 16 చుట్లు. అంటే అమెరికా నుంచి తెప్పించుకోవాల్సిన పరికరంలోని కీలకం మన ఇనుప సామాన్ల అంగట్లో సంచుల్లో పడి ఉంది. వెళ్లి అడిగాను.

"మూడు నూళ్ల కడ్డీ కావాల్నా, కొసదాకా చుట్లుండేది. ఒక నట్టు కూడా."

"ఎంత పొడుగు గావాల?"

"అడుగు చాలు."

"దేనికి సార్?"

కళ్లు మూసుకుని కొలవడానికని చెబితే బాగుండదని నవ్వి ఊరుకున్నాను.

ఇంటికొచ్చి నట్టుకున్న ఆరు మూలల్లో ఒకదానికి ఆకురాయితో గాటు పెట్టాను, చుట్టు పూర్తయిందని వేలికి తెలియడానికి. నట్టును కడ్డీ కొసకు సమంగా తెచ్చి, కళ్లకు తువ్వాలు కట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను. గాటు బొటనవేలికి తగిలిన ప్రతిసారీ ఒకటి. పదహారు లెక్కపెట్టి తువ్వాలు తీసి స్కేలు పెట్టి చూస్తే అంగుళానికి తక్కువొచ్చింది. లెక్క తప్పానేమోనని మళ్లీ చేశాను. మళ్లీ అంతే. దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల లోటు. కాసేపు విట్‌వర్త్‌ను తిట్టుకున్నాను గానీ తప్పు నాదే. అంగట్లో ఇచ్చింది 10 ఎంఎం మెట్రిక్ కడ్డీ, చూడకుండా తెచ్చుకున్నాను. మూడు నూళ్లంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. రెండూ చేతికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. పది ఎంఎం దానికి చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటర్లు. పదహారు చుట్లకు 24 మిల్లీమీటర్లే వస్తుంది, అంగుళానికి 25.4 కావాలి.

మళ్లీ వెళ్లి మార్చుకుని వచ్చాను. ఈసారి పదహారు చుట్లకు అంగుళం తు.చ. తప్పకుండా వచ్చింది. పది చుట్లకు ఐదు నూళ్లు. నట్టుకు ఆరు ముఖాలు కాబట్టి ఒక్క ముఖం తిప్పితే పావు మిల్లీమీటరు. అంత సన్నటి కొలత నా టేపులో నేను కళ్లు తెరిచి కూడా తీయలేను. మిల్లీమీటర్లలో పనిచేసేవాళ్లకు 6 ఎంఎం కడ్డీ ఇంకా సులువు, ఒక్క చుట్టుకు సరిగ్గా ఒక మిల్లీమీటరు.

కొలిచింది చెక్క మీదికి ఎలా ఎక్కించాలి? నట్టు కడ్డీ కంటే వెడల్పు కాబట్టి చెక్క అంచుకు నట్టు తడుతుంది, కడ్డీ చెక్క పైన పడుకుంటుంది. కడ్డీ కొస దగ్గర గీత గీయాలి. పెన్సిలుతో గీస్తే వేలికి ఏమీ తెలియదు, కత్తి మొనతో గీయాలి. మూలమట్టం ఆనించి కత్తితో ఒక్కసారి లాగితే చెక్కలో సన్నటి గాటు పడుతుంది. రెండు గీతలను విడదీయలేని వేలు ఒక్క గాటును మాత్రం ఎంత సన్నదైనా పసిగడుతుంది. అడ్డంగా గోరు లాగితే టక్కుమని ఆగుతుంది. ఉలి మొన కూడా ఆ గాట్లో తనంతట తానే కూర్చుంటుంది. మంచి పనివాళ్లు చూపున్నా కత్తితోనే గీస్తారు, పెన్సిలు గీత మందం కూడా తేడానే అంటారు.

అసలు కొలవకుండా తప్పించుకోవడమే ఇంకా మేలు. ఒకే పొడుగు చెక్కలు ఇరవై కావాలంటే ఇరవైసార్లు కొలవక్కర్లేదు. రంపం పెట్టేచోట ఒక అడ్డుచెక్క బిగించి, ప్రతి ముక్కనూ దానికి ఆనించి కోస్తే చాలు. తలుపు ఎత్తు, బందుల చోటు, గడియ చోటు అన్నీ ఒక బద్ద మీద గాట్లుగా పెట్టుకుంటే పని అయ్యేదాకా టేపుతో పనిలేదు. కొబ్బరాకు మడతకు ఇది తమ్ముడే.

ఇక మట్టం. చంద్రగిరి కోట లోపల రాజమహల్ చూసే ఉంటారు. మూడంతస్తులు, రాయి, ఇటుక, సున్నం. కొయ్య అన్నది వాడకుండా కట్టారు. వడ్రంగం గురించి రాయబోయి కొయ్య లేని మేడ దగ్గర నిలబడ్డానేమిటని నాకే నవ్వొచ్చింది. ఆ గోడకు అరచెయ్యి ఆనించినప్పుడు ఇంకోటి తోచింది. గాజుగొట్టంలో బుడగ ఉండే రసమట్టాన్ని మెల్షిసెడెక్ తెవెనో అనే ఫ్రెంచివాడు చేసింది 1661 ప్రాంతంలో. విజయనగర రాజుల చంద్రగిరి పాలన అప్పటికే ముగిసింది. అంటే బుడగ పుట్టకముందే ఈ గోడలు నిటారుగా లేచాయి.

పనిముట్లన్నిటిలోకీ వేలికి బొత్తిగా అందనిది ఆ బుడగే. గాజు వెనక కూర్చుంటుంది, ముట్టుకోలేం. దానికంటే పాత పనిముట్లు మాత్రం చేతికి బాగా అందుతాయి. బేల్దారి మేస్త్రీ తూకం గుండు చూడండి. దారానికి కింద గుండు, పైన చిన్న చెక్క. గుండు లావు ఎంతో చెక్క వెడల్పు అంతే. చెక్కను గోడకు ఆనించి గుండు వదిలితే, అది గోడను ఒరుసుకుంటూ ఆగాలి. ఎడం ఉంటే వేలు దూర్చి ఎంతో తెలుసుకోవచ్చు. గోడ మీద బరువుగా ఆనితే గోడ లోపలికి వాలినట్టు. ఇందులో కంటితోనే చేయాల్సిన పని ఒక్కటీ లేదు. దారం ఊగడం ఆగిందో లేదో కూడా వేలు తాకిస్తే తెలుస్తుంది.

నీళ్ల పైపు సంగతి ఇంకా బాగుంటుంది. పునాది మట్టం ఈ మూల నుంచి ఆ మూలకు తీసుకుపోవాలంటే మన మేస్త్రీలు పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి రెండు కొసలూ పట్టుకుంటారు. నడుమ గోడ అడ్డమైనా సరే. ఒకాయన ఇటు, ఒకాయన అటు, ఒకరికొకరు కనబడరు. "నిలిచిందా నా?" "ఉండు, ఇంకా ఆడతాంది." ఆ పని మాటల మీదే నడుస్తుంది. చూపులేని మనిషికి ఇందులో కావాల్సిన మార్పు చిన్నది. పైపును అంచుదాకా నింపి, కొసలను చేత్తో పట్టుకోవాలి. ఏ కొస దిగితే ఆ కొస నుంచి నీళ్లు వేలి మీదికి పొర్లుతాయి. రెండు వేళ్ల కిందా నీళ్లు అంచుకు తాకుతూ పొర్లకుండా నిలిస్తే మట్టం కుదిరినట్టు.

ఫోన్ లేదా అంటారు కుర్రవాళ్లు. ఉంది. తెరమీదిది చదివి వినిపించే వాయిస్‌ఓవర్ 2009లోనే ఐఫోన్‌లోకి వచ్చింది, బద్ద మీద ఫోను పెడితే వాలు ఎన్ని డిగ్రీలో పలుకుతుంది. అల్మారా అర బిగించుకోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ ఒక్క డిగ్రీ అంటే చిన్నదనుకోకండి. ఆరడుగుల పొడవున ఒక్క డిగ్రీ తేడా అంటే అంగుళంపావు, మన లెక్కలో పది నూళ్లు. పూర్తి డిగ్రీల్లో చెప్పే ఫోనును నమ్మి గోడ లేపితే మేస్త్రీ నవ్వుతాడు. ఈ ఒక్క పనిలో ఫోను కంటే నీళ్ల పైపు మేలు. నా తీర్పు అదీ.

ఇన్ని తోవలున్నా మన దగ్గర చూపులేనివాళ్లకు పని నేర్పడం అనగానే కుర్చీ అల్లిక, కొవ్వొత్తులు, చాక్‌పీసులు. అవీ గౌరవమైన పనులే, కాదనను. కానీ రంపం, ఉలి అనగానే "అమ్మో, వాళ్లకెట్లా" అంటాం. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన, చూపులేని బొల్లా శ్రీకాంత్‌ను పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వకపోవడానికి అప్పట్లో చెప్పిన కారణం బొమ్మలు, గ్రాఫులు ఉంటాయని. కోర్టుకెళ్లి గెలిచి చదివాడు, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లాడు, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. బొమ్మలు ఆయన్ను ఆపలేదు. బొమ్మను వేలికి ఎలా అందించాలో ఆలోచించనివాళ్లు కొన్నాళ్లు ఆపారు.

పనికి కొత్తగా వచ్చేవాళ్ల సంగతి అలా ఉంచండి. షుగరు వచ్చో, గ్లాకోమాతోనో, వయసు మీదపడో చూపు తగ్గి, పనిముట్ల పెట్టె అటక మీద పెట్టేసిన ఆచారి మీ వీధిలోనూ ఉండవచ్చు. చేతుల్లో నలభై ఏళ్ల పని అలాగే ఉంటుంది, టేపు మీద గీతలే కనబడవు. అలాంటాయన తెలిస్తే ఒక మూడు నూళ్ల కడ్డీ, దానికి సరిపడే నట్టు కొనిపెట్టండి. నట్టు మూల ఒకదానికి గాటు పెట్టి ఇవ్వండి. అంగుళానికి 16 చుట్లని చెప్పండి, మిగతాది ఆయనకు తెలుసు. కొనేటప్పుడు మాత్రం 10 ఎంఎం కాదని ఒకటికి రెండుసార్లు అడగండి.